బౌది ఇంటి శంఖం

బైరాగి మామ గురించి మా లైనులో ఎవరిని అడిగినా ముందు ఒకటే మాట చెబుతారు: "ఆడెదురొస్తే పనవ్వదు." ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన ఎదురు రాకుండా బయల్దేరిన పనులన్నీ అయ్యాయా మరి? కోదండం పెద్దనాన్న కూతురి సంబంధం మాట్లాడ్డానికి బడ్జ్ బడ్జ్ అనే ఊరికి వెళ్లిన రోజున బైరాగి మామ తెల్లారకముందే డాక్‌లోకి పోయాడు. వీళ్లు బస్సెక్కే వేళకి ఆయన ఓడ అడుగున బస్తాల మధ్య ఉన్నాడు. అయినా ఆ సంబంధం తప్పిపోయింది. దానికి మటుకు ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

ఆయన పూర్తి పేరు దాసరి బైరాగి. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. కలకత్తాలో, ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల్లోంచి సరుకు దింపే కూలీ. డాక్ గోడ వెనక మా తెలుగువాళ్లుండే రేకుల లైనులో మా గదికీ ఆయన గదికీ మధ్య ఒక్క ఇటుక గోడే అడ్డం. ఆయన దగ్గితే మాకు వినపడేది. మా అమ్మ జగ్గమ్మ నన్ను తిడితే ఆయనకు వినపడేది. మర్నాడు "ఏటే సుందరీ, నిన్న నీకు పూజ బాగా జరిగినట్టుంది" అని వేళాకోళమాడేవాడు. వరసకి మాకేమీ కాడు. అయినా నేను మామా అని పిలిచేదాన్ని, మా అమ్మను ఆయన అప్పా అని పిలిచేవాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. మిగతా లైనుకంతా ఆయన దాసరోడే.

డాక్ కూలీలు వేలమంది. ఆయన్ని వాళ్లలోంచి వేరు చేసింది గదిలో మేకుకు వేలాడే ఎర్రగుడ్డ సంచి. అందులో ఒక శంఖం, ఒక జేగంట. మా ఊళ్ల వైపు ఎవరైనా పోతే దాసరి వచ్చి శంఖం ఊదాలి. పాడె ముందు దాసరి నడుస్తాడు. ఊపిరి ఉన్నంతసేపూ శంఖం, ఊపిరి తీసుకునేటప్పుడు జేగంట. ఇంటి దగ్గర ఎత్తుకున్న ఆ ధ్వని కాటి దాకా తెగకూడదు. పోయినవాళ్లు దాన్ని పట్టుకునే నడుస్తారని మావాళ్ల నమ్మకం. సగం దారిలో పాడె దించి, చెవిలో పేరు పెట్టి పిలిచే దింపుడు కల్లం దగ్గర ఒక్కచోటే శంఖం ఆగొచ్చు. ఇంకెక్కడ ఆగినా పోయినవాళ్లు అక్కడే నిలబడిపోతారు, ఇక ఆ వీధిని వదలరు.

ఇంత పెద్ద పని చేసేవాడికి ఎంత మర్యాద ఉండాలి? మావాళ్లు ఏం చేసేవారో చెబుతాను. చావింట్లో ఆయన వచ్చేదాకా ఎవరూ శవాన్ని ముట్టేవారు కాదు, గుమ్మంలో నిలబడి "బైరాగొచ్చినాడా, బైరాగొచ్చినాడా" అని వెయ్యి కళ్లతో ఎదురుచూసేవారు. పదకొండో రోజు దాటిందంటే ఆయన మొహం చూడరు. ఉప్పు కోసమో అగ్గిపెట్టె కోసమో ఎవరి గుమ్మం దగ్గరైనా నిలబడితే, లోపల్నుంచి ఆడవాళ్లు గుండె పట్టుకుని "ఎవరు పోనారు?" అనేవారు. ఆయన అలవాటు పడి, వెళ్లగానే "ఎవులూ పోలేదు, అగ్గిపెట్టికొచ్చినాను" అని ముందే చెప్పేసేవాడు. పెళ్లికి పిలిచేవారు కాదు. పెళ్లి భోజనాలయ్యాక ఆకులో అన్నీ వడ్డించి, పైన ఇంకో ఆకు మూసి, గదికి పంపేవారు. పంపాం కదా అని వాళ్లకు తృప్తి. ఆయన తలుపు దగ్గరగా వేసుకుని, అవతల సన్నాయి వింటూ ఒక్కడే తినేవాడు. ఆయనకు పెళ్లి కూడా కాలేదు. తల్లీతండ్రీ ముందే పోయారు, మాట్లాడేవాళ్లు లేరు. శంఖం సంచి వేలాడే గదికి పిల్లనిస్తామని వచ్చినవాళ్లూ లేరు.

ఆయన కలకత్తా వచ్చిన మొదటి సాయంత్రం సంగతి అమ్మ చెప్పగా విని విని నాకు కళ్లారా చూసినట్టే ఉంటుంది. 1978 వానాకాలం. అంతకు ముందు శంఖం ఊదే సూరన్న తాత పోయాక లైనులో ఆ పనికి మనిషి లేక, ఊరి నుంచి తాత మేనల్లుడైన బైరాగి మామను రప్పించి డాక్‌లో పనిలో పెట్టించారు. అంటే వీళ్లే కావాలని తెచ్చుకున్నారు, అది గుర్తుంచుకోండి. మామ రైలు దిగి వచ్చి, గదిలో ట్రంకుపెట్టె పెట్టి, కాళ్లు కడుక్కుంటున్నాడు. లోడ్‌షెడ్డింగ్. పొద్దుగూకి వీధంతా మసకగా ఉంది. ఉన్నట్టుండి ఒక ఇంట్లోంచి శంఖం వినపడింది. దాని వెనకే పక్కింట్లోంచి. ఆ తర్వాత వీధి అవతల, మేడ మీద, చెరువు వైపు, ఎక్కడపడితే అక్కడ శంఖాలు.

బెంగాలీ ఇళ్లలో పొద్దుగూకితే ఆడవాళ్లు దీపం పెట్టి మూడుసార్లు శంఖం ఊదుతారని ఆయనకేం తెలుసు? ఆయన పుట్టి బుద్ధెరిగాక శంఖం విన్నదంతా చావు దగ్గరే. "పదిళ్లలో ఒక్కపాలే పోనారంటే కలరాయే అనుకున్నానప్పా" అన్నాడట అమ్మతో. శంఖం వినపడ్డాక దాసరివాడు పిలుపు కోసం చూడకూడదట. రెండు చెంబులు నెత్తిన గుమ్మరించుకుని, నామం దిద్దుకుని, సంచి తీసుకుని, అన్నిటికన్నా దగ్గరి ఇంటికి, ఆకుపచ్చ తలుపుల ఇంటికి వెళ్లి నిలబడ్డాడు. మొహం చావుకి తగ్గట్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక్క ఊపిరిలో ఎంత పొడుగు ఊదగలడో అంతా ఊదాడు.

తలుపు తెరుచుకుంది. ఎర్రంచు తెల్లచీర కట్టుకున్న ఆవిడ వచ్చి, ఆయన్నీ ఆ నామాన్నీ చూసి, కొంగు నెత్తిన వేసుకుని దండం పెట్టింది. లోపలికి పరుగెత్తి పళ్లెంలో బతాసాలు తెచ్చి చేతిలో పోసింది.

"లోపలికి తొంగి సూసినాను. శవం ఎక్కడా నేదు" అని మామ చెప్పేవాడు. "ఆయమ్మ నవ్వుతా బతాసాలెట్టీసింది. మొగుడు పోయి మతి సలించీసిందేటో అనుకున్నాను. ఇంతట్లోకి మొగుడు లుంగీ సవరించుకుంటా ఒచ్చి ఆడూ దండమెట్టినాడు. ఇంక నాకు కాళ్లు ఆడనేదు."

అమ్మ నవ్వాపుకోలేక నేల మీద కూర్చుండిపోయిందట. సంగతి విడమరిచి చెప్పాక మామకు సిగ్గేసింది. కానీ ఆ పళ్లెం, ఆ దండం ఆయన మనసులోంచి పోలేదు. శంఖం ఊదినందుకు నవ్వుతూ ఎదురొచ్చిన మనిషిని ఆయన అంతకు ముందు చూడలేదు.

ఆవిడ పేరు నీలిమ. ఆవిడ భర్త శ్యామసుందర్ ట్రామ్ కండక్టరు, వాళ్లకొక్కతే కూతురు, మిఠు. బౌది అంటే బెంగాలీలో వదిన. లైనంతా ఆవిడను బౌది అనే అనేవాళ్లం. ఆవిడకు ఉబ్బసం. దీపం పెట్టాక శంఖం నోట పెట్టుకుంటే మూడోసారికి దగ్గు తెర వచ్చేది. కొన్నాళ్లకు మామను వీధిలో ఆపి, "నువ్వెవరో పెద్ద భక్తుడివి. నీ ఊపిరి బాగుంది. తీరికున్న రోజున వచ్చి మా దీపానికి ఊదిపోకూడదా?" అని అడిగింది. ఆయన సరేనన్నాడు. తన శంఖం తీసుకెళ్లలేదు, అది మేకుకే ఉంది. ఆ ఇంటి శంఖమే ఊదేవాడు. దాని కొన సరిగా కోయలేదని, ధ్వని పగులుతోందని చెప్పి, తడి రాయి మీద ఒక ఆదివారమంతా కూర్చుని నూరి నున్నగా చేసి ఇచ్చాడు.

అలా మొదలైంది. డ్యూటీ లేని ప్రతి సాయంత్రం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వెళ్లేవాడు. గడప మీద నిలబడి మూడుసార్లు ఊదేవాడు. తర్వాత అరుగు మీద కూర్చుని టీ తాగేవాడు. బౌది ఆయన్ని ఠాకుర్‌పో అని పిలిచేది. ఠాకుర్‌పో అంటే మరిది. మా లైనులో ఏ వదినా ఆయన్ని మరిదీ అనలేదు, ఆయనేమో ఆ బెంగాలీ మాటను మాకు పదిసార్లు చెప్పి మురిసిపోయేవాడు. "ఒరేయ్, వదినగారు ఈరోజు ఏటి పెట్టింది?" అని అమ్మ ఏడిపించేది. "కిచిడీ అప్పా, గోబీపువ్వేసి" అనేవాడు, ఏడిపిస్తోందని తెలిసీ.

శంఖం సంగతులు నాకు చెప్పింది ఆయనే. ఆ రోజుల్లో మద్రాసు వైపు నుంచి పచ్చి శంఖాలు బస్తాలకొద్దీ దిగేవి. పెళ్లయిన బెంగాలీ ఆడవాళ్లు వేసుకునే తెల్లగాజులు శంఖాన్ని అడ్డంగా కోసి చేసేవే. లోపల కుళ్లిన మాంసంతో ఆ బస్తాలు కంపు కొట్టేవి. ఆ సరుకు దింపడానికి ఎవరూ దిగేవారు కాదు. "దాసరోడికి అలవాటే" అని ఆయన్ని దింపేవారు. ఎర్రజెండా యూనియనువాళ్లు ప్రతిదానికీ కొట్లాడేవారు గానీ దీని గురించి ఒక్కరూ నోరెత్తలేదు. ఆయన సాయంత్రం సున్నిపిండితో ఒళ్లు మూడుసార్లు తోముకుని వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"శంఖం అంటే ఏటనుకున్నావే? నత్త" అనేవాడు. "మన వానాకాలం నత్తకి పెద్దన్న. సముద్రం అడుగున ఇసకలో దూరి ఉంటాది. ఇసకలో పురుగుల్ని ఏరుకుని తింటాది. పైన గోధుమరంగు తోలుంటాది, గీకితేనే తెలుపు. మరి దానికి తలుపు కూడా ఉంటాది తెలుసా? ఎవులైనా ముట్టుకుంటే లోనికెల్లి తలుపేసుకుంటాది."

బస్తాలో రాలిన ఆ తలుపొకటి తెచ్చి నాకిచ్చాడు. బొటనవేలి గోరులా గట్టిగా, నల్లగా ఉంది.

"దాని ఇంటికి చుట్టాలు రారా మామా?" అన్నాను.

"ఎవులొస్తారు? అదొక్కటే పట్టేంత ఇల్లు" అన్నాడు. చిన్నదాన్ని, "నీ గదిలాగే" అనేశాను. అమ్మ నెత్తి మీద ఒకటిచ్చింది. ఆయన మాత్రం నిజమేనని తలాడించి, బీడీ వెలిగించుకున్నాడు.

మిఠు పెళ్లి 1990లో అయింది. వరుడు దిగే వేళకు బౌదికి ఉబ్బసం ఎక్కువై, "ఠాకుర్‌పో, నువ్వే ఊదాలి" అంది. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ మంగళంగా ఉలూధ్వని చేస్తుంటే, మధ్యలో మామ కొత్త చొక్కా వేసుకుని శంఖం ఊదాడు. లైను చివర నిలబడి మేమంతా చూశాం. ఆ రాత్రి ఆయన పంక్తిలో కూర్చుని తిన్నాడు. అటు శ్యామసుందర్ గారి తమ్ముడు, ఇటు ఎవరో స్కూలు మాస్టారు, మధ్యలో దాసరి బైరాగి. చేపల కూర రెండుసార్లు వడ్డించారట. ఇంటికొచ్చాక ఆ పంక్తిలో ఎవరెవరు కూర్చున్నారో, ఎవరు తనను ఏమడిగారో అమ్మకు వరసగా చెప్పాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

అమ్మ అంతా విని, "మరి ఆళ్లకి తెలిస్తేటి?" అంది.

ఆయన మొహం వాడిపోయింది. "సెప్పకండప్పా. ఆ ఒక్క గడప నాకుండనీయండి" అన్నాడు.

బెంగాలీలు చావులో శంఖం ఊదరు. వాళ్లకది శుభం, లక్ష్మి. ఈ నోరు రోజూ శవాల ముందు ఊదే నోరని తెలిస్తే, ఏ బెంగాలీ ఇల్లాలు తన దీపం దగ్గరికి రానిస్తుంది? అది ఆయన భయం. మావాళ్లను ఇంత తిట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి: ఆ మాట మా లైనులో ఒక్కరు కూడా బయటపెట్టలేదు. వీధి కుళాయి దగ్గర బౌదితో తగాదా పడ్డ రోజున కూడా ఎవరి నోరూ జారలేదు.

దారి విషయంలో ఆయనే జాగ్రత్త పడేవాడు. లైను నుంచి గంగ ఒడ్డు కాటికి బౌది సందులోంచి పోతే దగ్గర. ఆయన అటు తిప్పేవాడు కాదు. లైనులోంచి శంఖం వినపడినా బౌది మావాళ్ల పూజేదో అనుకునేది. డాక్ గోడ వెంట, బురద రోడ్డు మీదుగా చుట్టు తిరిగి కాలవ వంతెన దగ్గరికి తీసుకెళ్లేవాడు. మోసేవాళ్లు భుజాలు నొప్పెట్టి గొణుక్కునేవారు గానీ, ముందు నడిచేది శంఖం, శంఖం ఎటు పోతే పాడె అటే పోవాలి. ఇన్నేళ్లూ అలాగే గడిచిపోయింది. శ్యామసుందర్ గారు పోయారు. మిఠు ఢిల్లీలో కాపురం పెట్టింది. ఓడలు హల్దియా రేవుకి మళ్లిపోయి డాక్‌లో పని తగ్గింది, లైనులో సగం గదులకు తాళాలు పడ్డాయి. బౌది ఒక్కతే ఆకుపచ్చ తలుపుల ఇంట్లో ఉండేది. మామ సాయంత్రాలు ఇంకాస్త ముందుగా వెళ్లి, ఇంకాస్త ఆలస్యంగా వచ్చేవాడు.

1999 వానల్లో కాసులమ్మ మామ్మ పోయింది. లైను మొదటి గదిలో పెళ్లాం పిల్లలు లేని కూలీలకు అన్నం వండి పెట్టేది ఆవిడే. బైరాగి మామ మొహం పొద్దున్నే చూడనని ఒట్టు పెట్టుకున్నదీ ఆవిడే, ఆయనకు జ్వరమొస్తే గంజి పట్టుకెళ్లిందీ ఆవిడే. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని, గిన్నె మటుకు చెయ్యి చాచి ఇచ్చేది. "నాను పోతే నువ్వు ఊదుడు ఆపకురోయ్. నాకసలే దారులు తెలవవు. ఖిదిర్‌పూర్ బజారుకెళ్తేనే తప్పిపోతాను" అనేది.

మధ్యాహ్నం పాడె ఎత్తారు. ఆడవాళ్లం సందు మొగ దాకా వెనక నడిచాం. అక్కడ అందరూ ఆగిపోయారు. డాక్ గోడ వెంట రోడ్డు నడుము లోతు నీళ్లలో ఉంది. అందులో పాడె పట్టుకుని దిగడం ఎవరి తరమూ కాదు. మిగిలింది బౌది సందొక్కటే.

మామ జేగంట కొడుతూ నిలబడ్డాడు. ముందు మోస్తున్న కోదండం పెద్దనాన్న అన్నాడు, "బైరాగీ, ఇంకేటి దారుంది? సందులోంచే పోదాం. ఆ ఇంటి కాడ ఊదుడు ఆపీ. నాలుగడుగులే కదా. దాటినాక ఎత్తుకుందువు. ఎవులమూ ఏటీ అనుకోం."

మంచి మాటే అన్నాడు, కాదనను. పెద్దనాన్న ఆయన కోసం అంత దిగివచ్చాడని నాకే ఆశ్చర్యమేసింది. మామ కాసులమ్మ మామ్మ మొహం వైపు చూశాడు. వాన నీళ్లు పసుపు మీద నుంచి కారుతున్నాయి. ఆయన ఏమనుకుంటున్నాడో మాకందరికీ తెలుసు. అక్కడ శంఖం ఆగితే దారి తెలియని ఆ ముసలిది అక్కడే నిలబడిపోతుంది. నిలబడేది ఎక్కడ? ఆ ఆకుపచ్చ తలుపుల ముందే. ఆయన ఆపడం ఎలా కుదురుతుంది?

శంఖం ఎత్తి ఊదుకుంటూ సందులోకి తిరిగాడు.

ఇరవై ఏళ్లుగా విన్న ఊపిరి కదా, బౌది గుర్తుపట్టింది. వరండాలోకి నవ్వుతూనే వచ్చింది. అంత పగటిపూట ఎందుకొచ్చాడా అన్నట్టు చెయ్యి ఎత్తి పిలవబోయింది. అప్పుడు వెనక పాడె కనపడింది. బౌది చెయ్యి నుదుటికి చేర్చి శవానికి దండం పెట్టింది. తర్వాత మామ వైపు చూసింది. మామ కూడా చూశాడు, ఊదుతూనే. బౌది లోపలికి వెళ్లింది. కిటికీ తలుపులు ఒకటొకటే మూసుకున్నాయి. శంఖం సందు దాటి, వంతెన ఎక్కి, దూరమయ్యేదాకా తెగకుండా వినపడుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన సాయంత్రం వెళ్లడం మానేశాడు. పొద్దుగూకితే అన్ని ఇళ్లలోంచీ శంఖాలు వినపడేవి, ఆ ఇంట్లోంచి తప్ప. మామ గదిలో దీపం కూడా వెలిగించకుండా కూర్చునేవాడు. "వెళ్లి మాట్లాడు మామా. ఆవిడ మంచి మనిషి" అన్నాను. "పిలిస్తే ఎల్తాను. పిలవకుండా ఎల్లిన ఇల్లు అదొక్కటే. ఒకపాలి ఎల్లినాను, సాలు" అన్నాడు.

పిలవలేదు, ఆవిడే వచ్చింది. గోడ పట్టుకుని, ఆగి ఆగి, మా లైనులోకి మొదటిసారి వచ్చింది. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. అమ్మ పీట తుడిచి మామ గుమ్మం ముందు వేసింది. మామ లోపల్నుంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ బెంగాలీలోనే మాట్లాడుకున్నారు.

"ఠాకుర్‌పో, ఇన్నేళ్లు నా దగ్గర దాచావు" అంది బౌది.

ఆయన తల వంచుకున్నాడు.

"కోపంతో రాలేదు. ఆ ముసలమ్మ అదృష్టవంతురాలని చెప్పడానికి వచ్చాను. మా ఆయన్ని తీసుకెళ్లినప్పుడు కుర్రాళ్లు హరిబోల్ అని అరుచుకుంటూ పరుగెత్తారు. అంత నిదానంగా, అంత మర్యాదగా ఆయన ముందు ఎవరూ నడవలేదు." ఊపిరి ఆడక కాసేపు ఆగింది. "మిఠు ఢిల్లీ నుంచి వచ్చేసరికి నేను బూడిదైపోతాను. నాకింకెవరున్నారు? నేను పోతే నువ్వు నా ముందు అలా నడుస్తావా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "సాయంత్రం దీపానికి మాత్రం... ఇరుగుపొరుగు చూశారు కదా. లక్ష్మి ముందు పెట్టే దీపం. ఎదురింటి అమ్మాయి వచ్చి ఊదుతానంది. నువ్వేమీ అనుకోవు కదూ?"

ఆవిడ మనసులో చెడ్డ లేదు, అది నాకు తెలుసు. కళ్లనిండా నీళ్లతోనే అంది. అయినా నాకు అరవాలనిపించింది. ఇరవై ఏళ్లు ఠాకుర్‌పో అని పిలిచి, చివరికి ఈవిడ కూడా మా లైనులోవాళ్లలాగే అడిగింది. శుభానికి వద్దు, చావుకి రా.

"ఏమీ అనుకోను బౌది" అన్నాడు మామ. "కానీ మీ చావుకి నేను రాను."

చావుకి పిలిస్తే ఆయన రానన్న మాట అంతవరకు ఎవరూ వినలేదు. తాగి కొట్టినవాడి చావుకీ వెళ్లాడు, ఆయన మీద ఉమ్మినవాడి చావుకీ వెళ్లాడు.

"ఎవరికీ కాదనవంట కదా" అంది బౌది.

"అనను. మీకే అంటున్నాను."

"కోపమొచ్చిందా?"

"లేదు."

ఆవిడ ఇంకా ఏదో వింటానని కూర్చుంది. కాసేపటికి లేచి గోడ పట్టుకుంది. అమ్మ ఆవిడను సందు మొగ దాకా చెయ్యి పట్టుకుని దిగబెట్టి వచ్చి, మామ మీద విరుచుకుపడింది. "ముసలమ్మ నోరు తెరిసి అడిగితే అలా పంపీసినావేట్రా? నీకేం పోనాదిరా?" ఆయన తలుపు దగ్గరగా వేసుకున్నాడు. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. వీధిలో ఎదురైతే ఆవిడ నిలబడేది, ఈయన దండం పెట్టి పక్కకి తప్పుకునేవాడు.

ఆ చలికాలంలోనే బౌది పోయింది. మిఠు రైల్లో ఉందన్నారు. మధ్యాహ్నం దాటాక వీధి కుర్రాళ్లు వెదురు మంచం ఎత్తారు. ఆ రోజు ఓడ లేదు, మామ గదిలోనే ఉన్నాడు. "బొలో హరి, హరిబోల్" అన్న అరుపులు సందులోంచి మా దాకా వినపడుతున్నాయి. ఎర్రసంచి మేకుకే ఉంది. అమ్మ ఉండలేక వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడింది, నేను వెనక ఉన్నాను.

"బైరాగీ, ఆ అరుపులు ఇంటన్నావా?"

"ఇంటన్నానప్పా."

"ఎల్లరా. ఇంకా సందు దాటనేదు. పట్టింపులకిది ఏళ కాదు."

"పట్టింపు కాదప్పా" అన్నాడు. గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. "నానెరిగిన ఇళ్లన్నిట్లోనూ నానెల్లినానంటే సావే. నా మొహం తలుసుకుంటే ఆళ్లకి శవమే గుర్తొస్తాది. ఆ ఒక్క ఇంటికే దీపానికెల్లినాను, పెళ్లికెల్లినాను. ఈరోజు ఎల్లినానంటే అదీ అన్నిటిలాటి ఇల్లయిపోద్ది. నానెల్లని సావు ఒక్కటి, ఒక్కటి ఉండనీయప్పా."

అంటూనే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. అరుపులు వంతెన దాటేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.